క్రొత్త మేడ, పాత కాలువ

తిరుపతి పట్టణములోని కొన్ని పేటల పేర్లు వినినంతనే అచ్చట ఒకప్పుడు ఏమి యుండెనో తెలిసిపోవును. తాతయ్యగుంట, కొరమేనుగుంట, గొల్లవానిగుంట, పూలవానిగుంట. గుంట యనగా వాననీరు నిలుచు పల్లము. కొండమీద కురిసిన వాన వంకల వెంట దిగివచ్చి, గుంటలలో కొంత నిలిచి, చెరువులలో కొంత నిలిచి, మొరవ పొరలి, తుదకు స్వర్ణముఖిలో కలియుట పూర్వపు ఏర్పాటు. గుంటల పేర్లు నేటికిని నిలిచియున్నవి. గుంటలలో మాత్రము ఇండ్లు నిలిచినవి. 2021 నవంబరులో కుండపోతగా వానలు కురిసినపుడు నీరు తన పాత దారిని మరువలేదు. గొల్లవానిగుంట, ఆటోనగరు వంటి పల్లపు పేటలు మునిగినవి. పట్టణమునకు వెలుపల, రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్ట తెగునేమో యను భయముతో దిగువ పల్లెల జనులను ఖాళీ చేయింపవలసి వచ్చినది.

వానను ఆపుట ఎవరి తరమును కాదు. కాని ఆ నీరు పోవుటకు కాలువ ఎవరు త్రవ్వింపవలెను, దానికి సొమ్ము ఎవరు ఈయవలెను అను ప్రశ్న మన చేతిలోనిదే. క్రొత్తగా భవనములు కట్టువారి నుండియు, లేఅవుటులు వేయువారి నుండియు పట్టణ సౌకర్యముల నిమిత్తము ఒక రుసుము వసూలు చేయు పద్ధతి కలదు. అభివృద్ధి రుసుము, బెటర్‌మెంటు చార్జీ, ఇంపాక్టు ఫీజు అని కార్యాలయములలో దానికి పలు పేర్లు. పేర్ల నడుమ చట్టరీత్యా భేదములున్నను మూలమున నున్న ఊహ ఒకటే: ఊరిమీద క్రొత్త బరువు మోపినవాడు ఆ బరువునకు తగిన పాలు ఈయవలెను. ఆ పాలు ఎంత, దేనినిబట్టి అది హెచ్చవలెను, తగ్గవలెను, వచ్చిన సొమ్ము ఎచ్చటికి పోవలెను? ఈ ప్రసంగములో మేము పరిశీలింపదలచినది ఇదియే.

ముందొక చిన్న లెక్క వేయుదము. ఈ ప్రాంతమున ఇంటిస్థలమును అంకణములలో కొలుచుట వాడుక. తిరుపతిలో అంకణమనగా 36 చదరపు అడుగులు. 50 అంకణముల స్థలము 1,800 చదరపు అడుగులు, అనగా సరిగా 200 గజములు. ఒకనాడు 100 మిల్లీమీటర్ల వాన కురిసినదనుకొందము. ఆ స్థలము మీద పడు నీరు సుమారు 16,700 లీటర్లు. స్థలము బీడుగా నున్నచో నేల చాలవరకు త్రాగివేయును. నేల స్వభావమునుబట్టి మారినను, ఐదవ వంతు మాత్రము పారునని లెక్కింతము. అది 3,300 లీటర్లు. అదే స్థలము గోడనుండి గోడవరకు సిమెంటు కప్పుకొన్నచో పదింట తొమ్మిది వంతులు, అనగా 15,000 లీటర్లు వీధిలోనికి వచ్చును. ఆ ఇంటి యజమాని ఎవరికిని కీడు తలపెట్టినవాడు కాడు. తన స్థలములో తాను ఇల్లు కట్టుకొన్నాడు, అంతే. ఐనను వీధికాలువకు అదనముగా దాదాపు 12,000 లీటర్లు అప్పగించినాడు. అట్టి ఇండ్లు నూరు లేచినచో 12 లక్షల లీటర్లు. కాలువ మాత్రము తాతలనాటి వెడల్పుతోనే యుండును.

ఇది వాననీటి మాట. త్రాగునీటి లెక్క వేరు. మురుగు కాలువలు గల పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు కావలెనని ఇంజనీర్ల ప్రమాణము. ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు. హోటళ్ళలోను లాడ్జీలలోను ఒక్కొక్క పడకకు 180 లీటర్లని భవన నిర్మాణ ప్రమాణములు చెప్పుచున్నవి. నూరు గదుల లాడ్జిలో గదికి రెండు పడకల చొప్పున 200 పడకలు, దినమునకు 36,000 లీటర్లు. అనగా ఒక్క లాడ్జి 53 ఇండ్ల నీటిని త్రాగును. త్రాగిన నీటిలో ఎనుబది పాళ్ళు మురుగై తిరిగి వచ్చునని లెక్క. కావున దినమునకు 28,800 లీటర్ల మురుగును వీధిలోని గొట్టమునకు వదలును. 53 ఇండ్లు ఒక వీధి పొడవున విస్తరించియుండును. లాడ్జి యన్ననో, బస్సుస్టాండు దగ్గర కొన్ని అంకణముల మేర లేచి నిలుచును. చూపునకు అది చిన్న స్థలమే; గొట్టమునకు మాత్రము ఒక చిన్న పల్లె.

తిరుపతి నీటికి బహుదూరము పోవలసిన ఊరు. 1977లో నిర్మింపబడిన కళ్యాణి జలాశయము పట్టణమునకును తిరుమలకును కొంతకాలము ఆధారమైనది. వానలు లేని యేండ్లలో అది చాలక, కండలేరు నుండి తెలుగుగంగ నీటిని తెచ్చుకొనవలసి వచ్చినది. నీరు ఎంత దూరమునుండి వచ్చునో గొట్టపు ఖర్చును అంత హెచ్చు. 2001లో సుమారు 2 లక్షల 28 వేలున్న పట్టణ జనాభా 2011 నాటికి 2 లక్షల 87 వేలకు పెరిగినది. వీరు గాక, దినమునకు అరువది డెబ్బది వేలమంది యాత్రికులు వచ్చిపోవుచుందురు. వారు జనాభా లెక్కలలో చేరరు. నీటి లెక్కలో మాత్రము తప్పక చేరుదురు.

మరి ఇంటిపన్ను కట్టుచున్నాముగదా, ఇంకను ఈ రుసుమెందుకని శ్రోతలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఇంటిపన్ను ఏటేట వచ్చునది. దీపములు వెలిగించుటకు, చెత్త ఎత్తించుటకు, పనివారి జీతములకు, పాడైనవానిని బాగుచేయుటకు అది చెల్లిపోవును. క్రొత్త జలాశయము, క్రొత్త పెద్ద గొట్టము, వెడల్పైన కాలువ ఒక్కమారుగా పెట్టుబడి కోరునవి. పల్లెలో పదిండ్లవారు కలిసి త్రవ్వించుకొన్న బావి కలదనుకొందము. పదునొకండవ కుటుంబము వచ్చి, మేమును తోడుకొందుమనినచో, రండు, బావిని ఇంకొక మట్టు లోతు చేయింతము, ఆ ఖర్చు మీరు పెట్టుకొనుడందురు. ఇది మర్యాదగల మాటయే. కాని బావిగట్టు పదేండ్లుగా విరిగియున్నది, అదికూడ మీరే కట్టింపుడనినచో అది మర్యాద గాదు. ఈ రెంటి నడుమనున్న గీతయే ఇంపాక్టు ఫీజునకు ప్రాణము. క్రొత్తవాడు తాను తెచ్చిన బరువును మోయవలెను. పాతవారి లోటును అతని నెత్తిన పెట్టరాదు.

గీతను మాటలతో గీయుట తేలిక, కాలువ దగ్గర గీయుట కష్టము. ఒక వీధిలో మూడడుగుల కాలువ కలదు, ఆరడుగులు చేయవలెనని ఇంజనీరు చెప్పినాడనుకొందము. అందు రెండడుగులు ఇదివరకే చాలని దానికి, ఒక అడుగు రానున్న మేడలకు కావలసియున్నచో, ఖర్చులో మూడవ వంతు మాత్రమే క్రొత్తవారిమీద వేయదగినది. తక్కిన రెండు వంతులు ఊరు మొత్తము మోయవలెను. గుంటలను పూడ్చినవారు ఒకరు, పూడ్చుటకు చూచి చూడనట్లున్నవారు ఒకరు, ఆ స్థలములను తెలియక కొన్నవారు ఒకరు. ఆ పాత ఖాతాను నేడు ఇల్లు కట్టువాని చలానాలో చేర్చి తీర్చుకొనుట అన్యాయమని మా తలంపు.

ఊరు మొత్తము మోయుటయనగా ఏమో తిరుపతి విషయములో కొంచెము తరచి చూడవలెను. ఈ ఊరికి ఇంతవరకు పెద్ద పనులు ఎక్కువగా బయటి సొమ్ముతో జరిగినవి. యాత్రికుల బస్సులు ఊరి రద్దీలో చిక్కుకొనకుండ నిర్మించిన శ్రీనివాస సేతువు 2023 సెప్టెంబరులో పూర్తిగా ప్రారంభమైనది. దాని ఖర్చులో మూడింట రెండువంతులు స్మార్ట్ సిటీ పథకమునుండియు, ఒక వంతు తిరుమల తిరుపతి దేవస్థానము నుండియు సమకూర్చు ఏర్పాటు. తిరుపతి స్మార్ట్ సిటీ జాబితాలో చేరినది 2016లో; ఆ పథకపు గడువు 2025 మార్చితో ముగిసినది. దేవస్థానపు వార్షిక బడ్జెటులో ఒక శాతమును పట్టణాభివృద్ధికి ఈయవలెనని 2023 అక్టోబరులో ధర్మకర్తల మండలి సంకల్పించగా, భక్తులిచ్చిన కానుకలను ఊరి రోడ్లకు వెచ్చించుట తగదని అభ్యంతరములు బయలుదేరినవి. రాష్ట్ర ప్రభుత్వము ఆ ప్రతిపాదనను అంగీకరింపలేదు. ఆ వాదములో ఉభయ పక్షములందును బలము లేకపోలేదు. యాత్రికుడు ఊరి కాలువను వాడుకొనుచున్నాడు, నిజమే. ఐనను అతడు హుండీలో వేసిన ముడుపు దేవునికి వేసినదే గాని పురపాలకులకు వేసినది కాదు. యాత్రికుని వలన లాభపడు లాడ్జి, భోజనశాల, దుకాణములు కట్టునపుడే తగిన పాలు తీసికొన్నచో ఈ తగవు చాలవరకు తగ్గునని మాకు తోచుచున్నది.

దేవుని సొమ్ము, నీటి పని అను ఈ రెంటి పొత్తు తిరుపతికి క్రొత్తదియు గాదు. విజయనగర రాజుల కాలపు శాసనములు తిరుమల తిరుపతులలో వందలకొలది కలవు. దేవస్థానమువారు వానిని 1930 ప్రాంతములనుండి సంపుటములుగా ప్రకటించిరి. వానిలో తరచుగా కనబడు ఏర్పాటొకటి మిక్కిలి ఆసక్తికరమైనది. దాత ఆలయ భాండారమునకు ద్రవ్యము సమర్పించును. ఆ ద్రవ్యమును ఆలయపు గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వెచ్చింతురు. నీరు వచ్చినందున పెరిగిన ఫలసాయము నుండి దాత పేరిట నిత్యము నైవేద్యము జరుగును. ఇందులో గమనింపవలసినది లెక్క. ఏ చెరువునకు సొమ్ము పెట్టిరో, ఏ గ్రామమున పంట పెరిగెనో, ఆ పెరుగుదల నుండి ఏమి తీయవలెనో రాతిమీద చెక్కిరి. చెరువును బాగుచేయించినవానికి దాని క్రింది రాబడిలో పదవ పాలు ఇచ్చు దశబంధ ఇనాములు కూడ కడప చిత్తూరు సీమలలో వాడుకలో నుండెను. భూమికి సౌకర్యము వచ్చినపుడు విలువ పెరుగును, ఆ పెరిగిన విలువలో సౌకర్యమునకు పాలుండవలెను అను ఊహ మనవారికి ఒకరు నేర్పినది కాదు.

ఆంగ్లేయుల కాలములో ఈ ఊహ చట్టరూపము దాల్చినది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడి మద్రాసు రాజధానిలో నుండెను. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టము ఇచ్చటకును వర్తించెను. ప్రణాళిక వలన విలువ పెరిగిన భూములనుండి బెటర్‌మెంటు విరాళము తీసికొను అధికారము అందు కలదు. తరువాత 1975లో ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతముల అభివృద్ధి చట్టము వచ్చి, భూమి ఉపయోగము మారినపుడును భవనము కట్టునపుడును అభివృద్ధి రుసుము విధించు అధికారమును పట్టణాభివృద్ధి సంస్థలకు ఇచ్చెను. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, మనము తుడా యని పిలుచుకొనునది, 1981లో ఏర్పడినది. 1975 చట్టమునకు బదులు రాష్ట్రమున 2016లో క్రొత్త చట్టము వచ్చినది.

రుసుము వేరు, పన్ను వేరు. ఈ భేదమును 1954లో సుప్రీము కోర్టు శిరూరు మఠపు వ్యాజ్యములో స్పష్టముగా చెప్పినది. పన్నునకు బదులుగా ఫలానా మేలు చేయుదునని సర్కారు మాట ఈయదు. రుసుము మాత్రము ఒక సేవకు ప్రతిఫలముగా తీసికొనునది. 1983లో మన రాష్ట్రపు వ్యవసాయ మార్కెట్ల రుసుమును గూర్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్సు వ్యాజ్యములో ఆ న్యాయస్థానమే కొంత సడలించి, పైసకు పైస సరిపోవలసిన పనిలేదు, వసూలునకును సేవకును స్థూలమైన పొంతన యున్న చాలుననెను. న్యాయస్థానమునకు స్థూలమైన పొంతన చాలవచ్చును. చలానా కట్టి మోకాలిలోతు నీటిలో నడచువానికి అది చాలదు. ఫీజు కట్టిందీ మేమే, బురద తొక్కేదీ మేమే అను మాట పట్టణపు అంచు పేటలలో వినబడుచుండుట ఇందువలననే.

ఇంపాక్టు ఫీజు అను పేరు మన నియమములలో ప్రస్ఫుటముగా కనబడినది 2006 మార్చిలో, హైదరాబాదు ప్రాంతపు భవన నిర్మాణ నియమములందు. 2012 ఏప్రిల్ నాటి రాష్ట్ర నియమములలోను అది చేరినది. నగరస్థాయి మౌలిక వసతుల ఇంపాక్టు రుసుమని దాని పూర్తి పేరు. 15 మీటర్లకు మించిన ఎత్తుగల భవనములకు అది వర్తించును. వసూలైన సొమ్మును ఎస్క్రో ఖాతాలో, అనగా వేరొక పనికి తీయరాని ప్రత్యేక ఖాతాలో నుంచి, సగమును ఆ ప్రాంతపు వసతులకే ఖర్చు చేయవలెను, తక్కిన సగము నగరపు పెద్ద పనులకు. దానికొక కార్యప్రణాళిక యుండవలెను అని వ్రాసిరి. వ్రాత మంచిదే. సగము ఆ ప్రాంతమునకే యన్న నిబంధన మాకు మిక్కిలి నచ్చినది.

నచ్చనిది ఎత్తుకొలత. 15 మీటర్లనగా సుమారు ఐదంతస్తులు. హైదరాబాదు వంటి ఆకాశహర్మ్యముల నగరమునకు ఆ కొలత సరిపోవచ్చును. ఐదంతస్తులకు లోబడిన కట్టడములే అధికముగా గల తిరుపతి, చిత్తూరు వంటి పట్టణములలో బరువంతయు ఆ గీతకు దిగువనే యుండును. మనము పైన లెక్కవేసిన నూరు గదుల లాడ్జి ఐదంతస్తులలో ఇమిడినచో ఈ రుసుము దానిని తాకనే తాకదు. ఏడంతస్తులలో ఇరువది కుటుంబములున్న భవనమును తాకును. ఎత్తు కంటికి కనబడును కనుక కొలుచుట సులువు. నీరు, మురుగు, వాహనములు, నేలమీది సిమెంటు కొలుచుట కొంచెము శ్రమ. రుసుమును సవరింపదలచినచో మొదట సవరింపవలసినది రేటు కాదు, కొలబద్ద.

కొలబద్ద మారినచో కొన్ని మేళ్ళు తమంత తామే వచ్చును. తన స్థలములో ఇంకుడుగుంత త్రవ్వి, పెరడును మట్టిగానే విడిచి, వాననీటిలో సగము తన ఇంటనే ఇంకించుకొనువానికి కాలువ పాలు సగమునకు తగ్గవలెను. ఇప్పుడు ఇంకుడుగుంత అనుమతి కాగితముమీది నిబంధన. అందువలన చాలచోట్ల అది కాగితముమీదనే యుండును. చలానాలో పదివేలు తగ్గునన్నచో నేలమీదకు దిగివచ్చును. అట్లే పెద్ద గొట్టము దగ్గరగా నున్న చోట కట్టువానికి తక్కువ, గొట్టము పొడిగింపవలసిన దూరపు అంచున కట్టువానికి ఎక్కువ కావలెను. చిన్న ఇల్లు కట్టుకొను బీదవానికి మినహాయింపు అవసరమే. కాని ఆ మినహాయింపు వలన తగ్గిన సొమ్మును ప్రభుత్వము తన ఖజానానుండి పూరింపవలెను. లేనిచో ప్రక్కింటివాని చలానా పెరుగును, లేక కాలువ కురుచయగును.

రేటు ఎంతవరకు పోవచ్చును? దీనికి బ్రిటనులో జరిగినది మంచి పాఠము. 1947 నాటి పట్టణ ప్రణాళికా చట్టముతో, అభివృద్ధి వలన భూమికి పెరిగిన విలువను నూటికి నూరుపాళ్ళు సర్కారునకు చెల్లింపవలెనని శాసించిరి. పెరిగిన విలువ సంఘము వలన పెరిగినది, కావున సంఘమునకే చెందవలెనను వాదము వినుటకు బాగుగనే యుండెను. ఫలితముగా భూమి అమ్మువానికి ఏమియు మిగులలేదు, అమ్ముటయే మానిరి. 1953లో ఆ రుసుమును రద్దుచేసిరి. రుసుము ఎవరిమీద విధించితిమి, తుదకు ఎవరు మోసిరి అనునవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఇండ్లకు గిరాకి మిక్కుటముగా నున్నచోట బిల్డరు ఆ సొమ్మును ఫ్లాటు ధరలో కలిపివేయును, కొనువాడు మోయును. గిరాకి మందముగా నున్నచోట భూమి ధర ఆ మేరకు తగ్గును, భూస్వామి మోయును. రుసుము రేపు హెచ్చునని ముందుగా తెలిసియున్నచో భూమి కొనునపుడే బేరమాడవచ్చును. రాత్రికి రాత్రి పెంచినచో, స్థలము కొని ఇల్లు మొదలుపెట్టినవాడు చిక్కుకొనును. కావున హెచ్చింపదలచినవారు ఏడాది ముందుగా ప్రకటించి, మెట్టుమెట్టుగా హెచ్చించుట నయము.

ఈ విషయములో తిరుపతికిని చిత్తూరునకును ఒకే రేటు తగదు. తిరుపతి యాత్రాస్థలము, అచ్చట లాడ్జి కట్టువాడు రుసుము హెచ్చినంతమాత్రాన మరియొక ఊరికి పోడు, దేవుడు ఇచ్చటనే యున్నాడు గనుక. చిత్తూరు అట్లు గాదు. మామిడిగుజ్జు కర్మాగారములు, బెల్లపు వర్తకము, కచేరీలు గల ఊరది. కర్మాగారము కట్టువాడు నాలుగు మైళ్ళ దూరము పోయినను, సరిహద్దు దాటి తమిళనాడునకు పోయినను నష్టపడడు. ఐనను చిత్తూరు అవసరములు చిన్నవి కావు. ఊరి నడుమ నీవా నది పారుచున్నది. ఎక్కువ కాలము ఎండియుండి, వచ్చినపుడు ఒక్కసారిగా వచ్చును. వేసవిలో ట్యాంకరు కొరకు బిందెలు వరుసగా నిలుచును. అచ్చట రుసుము స్వల్పముగా నుంచి, దానిని నీటికిని నీవా ఒడ్డునకును మాత్రమే కేటాయించుట యుక్తమని మా అభిప్రాయము.

ఊరు వదలి పోవుట యన్నది తిరుపతిలోను లేకపోలేదు. అది దూరము పోవుట గాదు, గట్టు దాటుట. నగర హద్దునకు ఆవల రుసుము తక్కువయై, నియమముల కావలి పలుచనైనచో, లేఅవుటులు అచ్చటికి జరుగును. నీరు హద్దురాయిని చదువదు. మీది పల్లెలో సిమెంటైన నేలనుండి పారిన నీరు దిగువనున్న పేటలోనే తేలును. ఒకే వంక క్రింద నున్న ఊళ్ళకన్నింటికిని ఒకే కాలువ రుసుము, ఒకే ఖాతా యుండిననే ఇది పొసగును.

అనుమతిలేని లేఅవుటుల కథ దీనికి తోబుట్టువు. అనుమతి పొందిన లేఅవుటులో పదియవ పాలు స్థలమును ఉద్యానమునకు విడువవలెను. విడువకనే అమ్మివేసిన లేఅవుటులను క్రమబద్ధము చేయుటకు 2007 చివరను, మరల 2020లోను పథకములు వచ్చినవి. ఖాళీస్థలము విడువనందుకు బదులుగా స్థలపు విలువలో 14 శాతము కట్టించుకొను పద్ధతి వచ్చినది. స్థలమునకు బదులు సొమ్ము! సొమ్ము ఖజానా చేరును. ఆ వీధిలో పిల్లలు ఆడుకొను జాగా మాత్రము మరి పుట్టదు, ఏలయన అప్పటికి అచ్చట కొనదగిన జాగాయే మిగిలియుండదు. ఇట్టి పథకము మరల వచ్చునను ఆశ ఒకసారి పుట్టినచో ముందుగా రుసుము కట్టువాడు తెలివితక్కువవాడుగా లెక్కింపబడును. సవరణలలో ఇది అన్నిటికంటె కష్టమైనది.

ఇక ఖాతా మాట. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున డునెడిన్ అను చిన్న పట్టణము క్రొత్తగా నీటి కనెక్షను తీసికొనువారినుండి విస్తరణ ఖర్చు వసూలు చేయగా బిల్డర్లు వ్యాజ్యము వేసిరి. 1976లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, క్రొత్తవారి వలన కలుగు విస్తరణకు క్రొత్తవారినుండి తీసికొనుట న్యాయమే యని చెప్పినది. ఐనను ఆ సొమ్మును విస్తరణకే వాడవలెనని పట్టణపు శాసనములో కట్టుబాటు లేనందున వసూలు చెల్లదనెను. ఊహ నిలిచినది, ఖాతా లేక ఓడిపోయినది. 1987లో టెక్సాసు రాష్ట్రము చేసిన చట్టము ప్రకారము పదేండ్లలో ఖర్చుకాని రుసుమును తిరిగి ఈయవలెను. కాలిఫోర్నియాలో ఐదేండ్లకొకసారి, మిగిలియున్న సొమ్ము ఏ పనికి, ఎందుకు ఇంకను కావలెనో పాలకులు వ్రాతమూలకముగా చూపవలెను. మన నియమములలో ఎస్క్రో ఖాతా కలదుగాని, తిరిగి యిచ్చు గడువు కలదా? అట్టి గడువు ఒకటి పెట్టిన మరునాడే కాలువ పనులకు టెండర్లు పిలుచుట మొదలగునని మా నమ్మకము.

ఈ సంవత్సరము ఇల్లు కట్టదలచిన శ్రోతలు తమ చలానాను ఒకమారు పంక్తి పంక్తిగా చదువుట మంచిది. అందు అభివృద్ధి రుసుము ఎంత, బెటర్‌మెంటు ఎంత, ఇంపాక్టు ఫీజు కలదా లేదా యని వేర్వేరుగా వ్రాసియుండును. తమ వార్డునుండి గత ఐదేండ్లలో ఈ పద్దుల క్రింద ఎంత వసూలైనది, ఏ ఖాతాలో నున్నది, ఆ వార్డులోనే ఎంత ఖర్చైనది, ఏ వీధి కాలువకు ఖర్చైనది అని అడుగుటకు 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద తెల్లకాగితముమీద ఒక దరఖాస్తును, పది రూపాయల రుసుమును చాలును. ముప్పది దినములలో నగరపాలక సంస్థ జవాబు ఈయవలసియుండును.